కింద నుంచి జవాబు

ఉదయం ఆరున్నరకు ఆయన కుర్చీని నేలమీద ఈడ్చకుండా, రెండు చేతులతో ఎత్తి కిటికీ పక్కన పెట్టాడు. దాని నాలుగు కాళ్ళకూ పాత గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి. మంచం కోళ్ళకూ అంతే, స్టూలుకూ అంతే. మూడో అంతస్తులోని ఆ రెండు గదుల్లో ఏ వస్తువూ నేలను వట్టి కాళ్ళతో తాకదు.

వంటింట్లో భార్య చేతిలోంచి గిన్నెమూత జారింది. అది గిరగిరా తిరుగుతూ మోత మొదలుపెట్టేలోపే ఆయన పరుగున వెళ్ళి కాలితో తొక్కిపట్టాడు.

"కింద మనుషులుంటారే," అన్నాడు.

"ఉంటారు. మన పైన కూడా ఉంటారు. పొద్దస్తమానం ఫుట్‌బాల్ ఆడుతున్నట్టు గంతులేస్తుంటారు. ఒక్కరోజైనా వెళ్ళి అడిగారా?"

"వాళ్ళకి తెలియదులే."

"ఏం తెలియదు?"

"కింద మనుషులుంటారని."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఒకసారి కిందింటావిడ మెట్లెక్కి వచ్చి, "మీ ఇంట్లో అసలు ఎవరైనా ఉంటున్నారా? ఆరు నెలలైంది, చప్పుడే లేదు, భయమేసి చూద్దామని వచ్చాను" అంది. ఆ మాటను భార్య ఇప్పటికి వందసార్లు చెప్పి ఉంటుంది. చెప్పినప్పుడల్లా కొత్తగానే నవ్వుతుంది.

ఆయనకు అరవై ఒకటి. సన్నటి మనిషి. ఎప్పుడూ పైకి చూస్తూ ఉండడం వల్ల మెడ వెనక చర్మం మడతలు పడిపోయింది. కుడి అరచేతిలో, బొటనవేలి మొదట్లో, నాణెమంత కాయ. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి, వీధిలోకి వచ్చాకే కాళ్ళకు వేసుకుంటాడు.

"ఇవాళ ఆదివారం. మూడింటికి ఆట. ఐదున్నరకల్లా వచ్చేస్తారుగా?" గుమ్మంలో నిలబడి అడిగింది భార్య.

"వస్తా."

"కొత్త రాణి ఎలా ఉంటుందో చెప్పండి మరి."

"మడమ కొంచెం బరువు. ఎడమకాలి చెప్పు వదులు."

"నా ఖర్మ!" అంది ఆమె. "ముప్ఫై నాలుగేళ్ళు నాటకాల కొలువు చేసి, ఈ మనిషికి తెలిసింది చెప్పులు."

అది నిజమే. ఆయన ఒక్క నాటకమూ చూడలేదు. అన్నీ విన్నాడు.

*

ఆయన ఉండే ఇంట్లో కింద అంటే రెండో అంతస్తు. రెండో అంతస్తువాళ్ళకు కింద అంటే మొదటిది. మొదటి అంతస్తువాళ్ళకు దర్జీ కొట్టు. ఎవరి కింద వాళ్ళది. ఆయన పనిచేసే నాటకాల థియేటర్లో మాత్రం అలా కాదు. మేకప్ గదులు స్టేజీకి దిగువనే ఉన్నాయి, అయినా వాటిని ఎవరూ కింద అనరు. బట్టల గది వాటికీ దిగువనే ఉంది, దాన్నీ అనరు. లైట్లవాడు పైన ఇనుప వంతెనమీద కూర్చుని అన్నా, టికెట్లాయన బయట కిటికీ దగ్గర కూర్చుని అన్నా, కింద అంటే ఒకటే చోటు. పన్నెండు మెట్లు దిగితే స్టేజీ పలకల అడుగున వచ్చే గది. అందులో ఉండేవాడు కిందాయన. జీతం పుస్తకంలో ఆయనకో పేరుంది కానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు.

మెట్లు దిగేచోట తలుపుకు అడ్డంగా ఒక దూలం. కొత్తవాళ్ళంతా దానికి తల కొట్టుకుంటారు. ముప్ఫై నాలుగేళ్ళుగా తలలు తగిలి తగిలి ఆ చోట చెక్క నున్నబడింది. ఆయన కళ్ళు మూసుకుని కూడా సరిగ్గా అక్కడే వంగుతాడు.

లోపల ఒకే ఒక బల్బు. నిలబడి చెయ్యెత్తితే పలకలు అందవు, కర్ర పట్టుకుంటే అందుతాయి. గది మధ్యలో మోకాలెత్తు చెక్క తిన్నె. దానిమీద ఒకదానిమీదొకటి రెండు దూది పరుపులు. సరిగ్గా వాటికి ఎగువన స్టేజీలో మూడడుగుల చదరపు తలుపు. రెండు రెక్కలు, కిందికి తెరుచుకుంటాయి. ఆటలో ఎవరు మాయం కావాలన్నా, రాక్షసుడైనా, రాణి అయినా, దొంగ అయినా, ఆ తలుపులోంచి పడవలసింది ఆ పరుపుల మీదనే.

పద్ధతి ఒక్కటే. పడవలసినవాళ్ళు తలుపుమీద నిలబడి మడమతో రెండుసార్లు తడతారు. కిందాయన పరుపులు చూస్తాడు. మూలలు సర్దుతాడు. తర్వాత కర్రతో పలకమీద ఒక్కసారి పొడుస్తాడు. నేనున్నాను, పరుపులున్నాయి, రా అని ఆ పోటుకు అర్థం. అప్పుడు పైవాళ్ళు పక్కనున్న చెక్క మీటను పాదంతో నొక్కుతారు. రెక్కలు తెరుచుకుంటాయి. వద్దు అని చెప్పడానికి ఆ భాషలో చప్పుడు లేదు. జవాబు రాకపోవడమే వద్దు.

ఇరవై రెండేళ్ళ క్రితం ఒక్కసారి అది తప్పింది. ఆ రోజు పైనుంచి పడ్డవాడు అప్పట్లో ఊరంతా వెర్రెత్తిపోయిన కథానాయకుడు. కింద పరుపులు తేమ పట్టాయని కిందాయన వాటిని గోడవైపు తిరగేస్తున్నాడు. తిన్నె ఖాళీ. పైన రెండు తట్లు. తర్వాత రెక్కలు తెరుచుకున్నాయి. తర్వాత ఎముక విరిగిన శబ్దం. ఆ శబ్దం ఆయన ఇప్పటికీ చెప్పుల చప్పుళ్ళ మధ్య అప్పుడప్పుడు వింటాడు.

విచారణలో "నువ్వు కర్రతో కొట్టావా?" అని అడిగారు. ఎంత ఆలోచించినా ఆయనకు గుర్తురాలేదు. రోజూ చేసే పని. తలుపు గడియ వేశామో లేదో వీధి చివరికి వెళ్ళాక గుర్తురానట్టే. రెండు తట్లు వినగానే చెయ్యి దానంతటదే లేస్తుంది. "కొట్టే ఉంటాను," అన్నాడు. ఆస్పత్రి మంచంమీది కథానాయకుడు "విన్నాను," అన్నాడు. దాంతో అయిపోయింది. కిందాయనను హెచ్చరించి వదిలేశారు. ఆ తర్వాత ఆయన ఒక్కరోజు సెలవు పెట్టలేదు. జ్వరమొచ్చినా సరే, వేరేవాడి కర్రను నమ్మలేడు. తన చేతినీ నమ్మలేడు. అందుకే ఇప్పుడు కర్ర ఎత్తేముందు ఎడమచేతిని పరుపుమీద ఆనిస్తాడు. చేతికింద దూది తగిలితేనే కుడిచెయ్యి లేవాలి.

*

పది గంటలకు మేనేజరు దిగి వచ్చాడు. ఉద్యోగంలో చేరి నెలైన ముప్ఫై ఏళ్ళ కుర్రాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి.

"తల!" అన్నాడు కిందాయన.

ఠంగుమంది.

"అబ్బా! దీన్ని ముందు కోయించాలి," అని నుదురు రుద్దుకున్నాడు మేనేజరు. "చూశారుగా, మిషన్ బిగించేశాం. ఇక మీట లేదు, తట్లు లేవు. స్టేజీ పక్కన నా చేతిలో బటన్. డ్రమ్ము మోగుతుంది, నొక్కుతాను, తలుపు తెరుచుకుంటుంది. లెక్క తప్పే సమస్యే లేదు."

"పరుపులు చూసేదెవరండీ?"

"పరుపులు ఎక్కడికి పోతాయి?"

కిందాయన ఒక పరుపు మూల లాగి సరిచేశాడు.

"మీకు రేపట్నుంచి గేటు దగ్గర డ్యూటీ. కుర్చీ, గాలి, వెలుతురు. ఇన్నేళ్ళు ఈ బొరియలో ఉన్నారు, చాలు. ఇవాళ ఒక్కరోజు ఉండండి. విరామంలో ఆఫీసుకొచ్చి తాళంచెవి ఇచ్చి సంతకం పెట్టండి."

వెళ్ళేటప్పుడు మళ్ళీ ఠంగుమంది.

కాసేపటికి పైన అడుగులు. ఎడమకాలి చెప్పు వదులు. కొత్త రాణి రిహార్సల్‌కి వచ్చింది. ఇరవై దాటి ఉండదు. రాజు చనిపోయాక, మంచం పక్కన నిలబడి మంత్రిని శపించి, పదకొండు అడుగులు నడిచి తలుపుమీదికి వచ్చి మాయమవ్వాలి. ఆ ఉదయం మొదటిసారి పడ్డప్పుడు పరుపుమీద ముడుచుకుని అలాగే ఉండిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"అయిపోయింది, లేమ్మా."

"బాబాయ్, బటన్ ఎప్పుడు నొక్కుతారో నాకు తెలియదు. మీట అయితే నా కాలికింద ఉండేది. ఇప్పుడు... ఎవరో కాళ్ళు లాగేసినట్టుంది."

"నువ్వు మడమతో రెండుసార్లు తట్టు."

"మేనేజర్ గారు అవన్నీ ఇక అక్కర్లేదన్నారు."

"ఆయన వినడులే, నేను వింటా. నువ్వు రెండు, నేను ఒకటి. అది వినపడిందా, కళ్ళు మూసుకుని పడిపో. వినపడలేదా, నువ్వు నిలబడ్డది నేల కాదు, గొయ్యి. పక్కకి జరుగు."

"డ్రమ్ము మోగుతున్నా?"

"ఇల్లు కూలుతున్నా."

ఆమె నవ్వింది. పరుపుమీంచి దిగుతూ చుట్టూ చూసింది. "ఇక్కడ మీకు విసుగెయ్యదా బాబాయ్?"

"పైన మీరంతా ఉంటారుగా."

తర్వాత ఆమె నాలుగుసార్లు పడింది. నాలుగుసార్లూ ముందు రెండు తట్లు, తర్వాత ఒక పోటు. పక్కన బటన్ పట్టుకున్న మేనేజరుకు అదంతా చెక్కల కిరకిరలాగే వినిపించింది.

*

ఒంటిగంటకు టికెట్ల కిటికీ దగ్గర టీ. ఇరవై రెండేళ్ళుగా ఆ టీ కిందాయనే పోయిస్తాడు. కిటికీ వెనక కూర్చునేవాడు ఎడమకాలు ముందుకు చాపి, మోకాలు మడవకుండా కూర్చుంటాడు. జుట్టుకు ఇప్పటికీ రంగు వేస్తాడు. గొంతు ఇప్పటికీ చివరి వరసదాకా వినపడుతుంది, "చిల్లర ఇవ్వండి" అన్నా సరే. ఒకప్పటి కథానాయకుడు. ఆ తిన్నెమీద పడ్డది అతనే.

"ఏం బావా, నిన్ను నేలమీదికి లాగుతున్నారట," అన్నాడు.

"గేటు దగ్గర."

"మంచిదేగా. మనిద్దరం ఎదురెదురుగా కూర్చోవచ్చు. నువ్వు జనాన్ని చూసి భయపడకపోతే చాలు. వాళ్ళకి కాళ్ళే కాదు, ముఖాలు కూడా ఉంటాయి."

కిందాయన నవ్వలేదు. గ్లాసు అంచును బొటనవేలితో రుద్దుతూ, "ఆ పిల్ల భయపడుతోంది," అన్నాడు.

టికెట్లాయన తన చాపిన కాలివైపు చూసుకున్నాడు. టీ ఒక్క గుక్కలో తాగేశాడు. ఇరవై రెండేళ్ళలో వాళ్ళిద్దరూ ఆ కాలి గురించి ఒక్కమాట మాట్లాడుకోలేదు. కిందాయన ఎప్పుడూ అతని కుడివైపే నిలబడతాడు.

*

మూడింటికి తెర లేచింది. నాలుగింటికి విరామం. కిందాయన తాళంచెవి తీసుకుని ఆఫీసుకు వెళ్ళాడు. గుమాస్తా కాగితం కోసం సొరుగులన్నీ వెతికాడు. కాగితం దొరికేసరికి కలం కనపడలేదు. కలం దొరికాక, "తారీఖు ఇవాళ్టిది వెయ్యాలా, రేపటిదా?" అని ఆలోచనలో పడ్డాడు.

"ఏదో ఒకటి వెయ్యండి బాబూ, నేను వెళ్ళాలి."

"అదేంటి, ఇక మీకేం పని? బటన్ ఉందిగా."

కిందాయన సంతకం పెట్టాడు. బల్లమీద తాళంచెవి వదిలినప్పుడు జేబు తేలికైంది. అప్పుడు గుర్తొచ్చింది. తాళంచెవి ఎలాగూ ఇచ్చేస్తున్నానుగదా అని, ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి, కింద తలుపు తాళం వేయకుండా వచ్చాడు.

నడవలోకి వచ్చేసరికి ఆట మళ్ళీ మొదలై చాలాసేపైంది. గోడ అవతల రాజుకు విషం ఎక్కుతోంది. ఆ దగ్గు, ఆ తూలే అడుగులు, అన్నీ ఆయనకు కంఠతా. ఇప్పుడు రాజు మంచంమీద కూలతాడు. వట్టి చెక్కల మంచం, పైన ముతక దుప్పటి. రోజూ ఢబ్ మంటుంది. రాజు వేషగాడు రోజూ నడుము పట్టుకుని తిట్టుకుంటూ వస్తాడు.

ఇవాళ ధుప్ మంది.

కిందాయన ఆగిపోయాడు. ఆ ధుప్ ఆయనకు కొత్త కాదు. పొద్దుట్నుంచి ఐదుసార్లు విన్నాడు. అది దూది శబ్దం. తన పరుపుల శబ్దం.

పరుగెత్తాడు. అరవై ఒక్క ఏళ్ళ మోకాళ్ళతో మెట్లు రెండేసి చొప్పున దిగాడు. ఎప్పుడూ వంగేచోట వంగడం మరిచిపోయాడు. ఠంగున దూలం తగిలి కళ్ళు బైర్లు కమ్మాయి. తలుపు బార్లా తెరిచి ఉంది. బల్బు వెలుగుతోంది. తిన్నె నున్నగా, ఖాళీగా ఉంది.

ఏం జరిగిందో అర్థం కావడానికి ఆయనకు క్షణం పట్టలేదు. ఇవాళ రాజు ఇక తన వల్ల కాదని మొరాయించి ఉంటాడు. సెట్లు వేసే వడ్రంగి, అతని మనుషులు కిందికి వచ్చి ఉంటారు. మిషన్ పెట్టారుగా, ఇక పరుపులెందుకు అనుకుని ఉంటారు. మిషన్ తలుపు తెరుస్తుందే తప్ప మనిషిని పట్టుకోదని వాళ్ళకు తట్టి ఉండదు. తన గదిలోకి వచ్చి తనను అడక్కుండా ఏదైనా తీసుకెళ్ళగలిగింది ఈ ఒక్క అరగంటే.

పైన రాణి గొంతు. "నీ వంశం..." శాపం మొదలైంది. నాలుగు వాక్యాలు. తర్వాత పదకొండు అడుగులు.

పైకి వెళితే? మెట్లు తేలేది ఎడమపక్కకు. మేనేజరు ఉన్నది కుడిపక్కన. మధ్యలో స్టేజీ. వెనక తెర చుట్టూ తిరిగి వెళ్ళడానికి కుర్రవాడికైనా రెండు నిమిషాలు. ఆయన గది నాలుగు మూలలూ చూశాడు. తాళ్ళు, విరిగిన కుర్చీ, రంగు డబ్బా. మెత్తనిదంటూ ఒక్కటి లేదు.

"నీ రాజ్యం..." రెండో వాక్యం.

"ఓ అమ్మాయ్!" అని అరిచాడు. పైన డ్రమ్ము చిన్నగా మొదలైంది. ఆ గదిలోంచి మనిషి గొంతు పలకలు దాటి వెళ్ళదు. ముప్ఫై నాలుగేళ్ళలో కర్ర తప్ప ఏదీ వెళ్ళలేదు.

అడుగులు. ఒకటి, రెండు, మూడు. ఎడమది వదులు. ఆయన తిన్నె ఎక్కి నిలబడ్డాడు. చేతులు చాపాడు. ఆరు, ఏడు. పడితే తన మీద పడుతుంది. ఇద్దరూ విరుగుతారు, కానీ తనవి ముసలి ఎముకలు. పది. పదకొండు. ఆమె ఇప్పుడు సరిగ్గా తలమీద ఉంది. పలకల సందుల్లోంచి సన్నటి దుమ్ము ఆయన కళ్ళలో రాలింది.

టక్. టక్.

కుడిచెయ్యి లేచింది.

దానంతటదే లేచింది. ఆయన పిలవలేదు. వేళ్ళు ఎప్పుడు మూసుకున్నాయో, తిన్నెమీంచి చెయ్యి చాపితే అందేలా గోడకున్న కర్ర చేతిలోకి ఎప్పుడు వచ్చిందో ఆయనకే తెలియదు. కర్ర కొస పలకకు జానెడు దూరంలో ఉంది. ఆ చేతిని ఆయన వేరే ఎవరి చేతినో చూసినట్టు చూశాడు. ఆ రోజు కూడా ఇలాగే లేచి ఉంటుంది. ఇలాగే.  ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకుని కిందికి వంచి, కర్రను దూరంగా, తాళ్ళ కుప్పమీదికి విసిరేశాడు.

పైన అడుగు కదల్లేదు. డ్రమ్ము పెద్దదైంది. మళ్ళీ, తొందరగా, టక్ టక్.

ఆయన చేతులు చాపి నిలబడ్డాడు. జవాబివ్వలేదు.

జరుగమ్మా. జరుగు తల్లీ.

డ్రమ్ము పగిలినట్టు మోగింది. రెక్కలు దబ్బున తెరుచుకున్నాయి. వెలుతురు ఒక స్తంభంలా ఆయనమీద కూలింది. కళ్ళు మూసుకున్నాడు. బరువు కోసం ఎదురుచూశాడు. బరువు రాలేదు. పొగ వచ్చింది, దుమ్ము వచ్చింది, తర్వాత జనం చప్పట్లు వచ్చాయి.

కళ్ళు తెరిచేసరికి, పైన చదరపు వెలుతురు అంచున మోకాళ్ళమీద కూర్చుని, పొగ మాటున ఒక ముఖం కిందికి చూస్తోంది. రాణిని అప్పటిదాకా బల్బు గుడ్డి వెలుతురులోనే చూశాడు. కిరీటం పక్కకి ఒరిగింది. రంగు కింద ముఖం పాలిపోయింది. ఆమె ముందు ఆయన్ని చూసింది, తర్వాత ఆయన నిలబడ్డ వట్టి చెక్కల్ని చూసింది.  పొగ పలచబడేలోపు పాక్కుంటూ పక్కకి వెళ్ళిపోయింది. జనానికి రాణి మాయమైంది.

*

మేనేజరు తిట్టడానికే వచ్చాడు. "బటన్ పనిచేసింది, మనిషి పడలేదు! ఎవరు చెప్పారు ఆ అమ్మాయికి..." అంటూ మెట్లు దిగాడు. ఈసారి కిందాయన "తల!" అనలేదు. ఠంగుమన్నాక మేనేజరు ముందుకు చూశాడు. ఖాళీ తిన్నె. దానిమీద కూర్చుని, చేతులు తొడల కింద పెట్టుకున్న ముసలాయన. నుదుటిమీద రక్తం చార.

మేనేజరు నుదురు రుద్దుకోవడం ఆపి, ఖాళీ తిన్నెను చేత్తో తడిమాడు.

"పరుపులు..."

"రాజు కింద ఉన్నాయండీ."

"నేను నొక్కాను," అన్నాడు మేనేజరు, తనలో తనే. "ఆ అమ్మాయి పక్కకి జరగడం నేను చూడనే లేదు. డ్రమ్ము విని నొక్కేశాను." తర్వాత అన్నాడు: "బటన్ రేపు కిందికి మార్పిస్తాను. ఇక్కడ మనిషి లేకుండా ఆట లేదు. మీరే ఉండండి. గేటు సంగతి మరిచిపోండి."

వెళ్ళేటప్పుడు దూలం దగ్గర ఆగి, చేత్తో తడిమి, వంగి వెళ్ళాడు.

ఆట ముగిసి జనం వెళ్ళిపోయాక మెట్లమీద మరొకరి అడుగులు. కుడికాలు మెట్టుమీద పడుతుంది, ఎడమకాలు దాని పక్కకి వచ్చి చేరుతుంది. ఆగుతుంది. మళ్ళీ కుడికాలు. ఆ నడకను ఆయన రోజూ నేలమీద వింటాడు. ఈ మెట్లమీద విని ఇరవై రెండేళ్ళు.

టికెట్లాయన దూలం దగ్గర తనంతట తనే వంగాడు. పాతవాడుగా.

"ఆ పిల్ల పైన అందరికీ చెబుతోంది," అన్నాడు. "బాబాయ్ జవాబివ్వలేదు, అందుకే జరిగాను అని. డ్రమ్ము మోగుతున్నా, జనం చూస్తున్నా, జవాబు రాలేదని జరిగిందట. ఇరవై ఏళ్ళ పిల్ల."

"కూర్చో బావా. కాలు నొప్పెడుతుంది."

"కూర్చోను. నిలబడే చెబుతాను." పెద్ద గొంతు చిన్నదైపోయింది. "ఆ రోజు నువ్వు కొట్టలేదు."

కిందాయన తలెత్తాడు.

"ముందు వరసలో సినిమావాళ్ళు కూర్చున్నారు. నన్ను చూడడానికి వచ్చారు. రెండుసార్లు తట్టాను. నీ జవాబు రాలేదు. ఆగితే డ్రమ్ము తాళం తప్పుతుంది, వాళ్ళ ముందు పరువు పోతుంది అనుకున్నాను. మీట నొక్కేశాను. తప్పు నాదని చెబితే వైద్యం చేయించరు, ఆ కిటికీ దగ్గర కుర్చీ కూడా దొరకదు. విన్నానని చెప్పాను. నువ్వు కొట్టే ఉంటానన్నావు. నేను ఇక... అలాగే వదిలేశాను."

పైన ఎవరో స్టేజీ ఊడుస్తున్నారు. చీపురు ఒక చివర్నుంచి ఇంకో చివరికి వెళ్ళింది.

"కొట్టలేదన్నమాట," అన్నాడు కిందాయన.

"లేదు."

"నిజంగా?"

"ఈ కాలిమీద ఒట్టు."

కిందాయన తొడల కిందినుంచి కుడిచెయ్యి తీసి బల్బు వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బొటనవేలి మొదట్లోని కాయను ఎడమచేత్తో రుద్దాడు. ఆయన ముఖంలో కోపం వచ్చింది, కాసేపు ఉంది. టికెట్లాయన దాన్ని తప్పించుకోకుండా చూస్తూ నిలబడ్డాడు.

"ఇరవై రెండేళ్ళు," అన్నాడు కిందాయన, "నా చేత టీ పోయించుకున్నావు గదరా దొంగా."

టికెట్లాయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు, ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. పలకల సందుల్లోంచి వచ్చే స్టేజీ వెలుతురు చారలు ఇద్దరి మీదా పడ్డాయి.

కొంతసేపయ్యాక కిందాయన లేచాడు. తాళ్ళ కుప్పమీంచి కర్ర తీసి, దుమ్ము తుడిచి, దాని చోట గోడకు ఆనించాడు.

"రేపటి ఆటకి రెండు టికెట్లు ఉంచు."

"ఎవరికి?"

"నాకూ, మా ఆవిడకీ. ముందు వరస వద్దు. మేడమీద. అన్నిటికంటే పైన."

"మరి కింద ఎవరుంటారు?"

"నువ్వుండు. పడితే ఎలా ఉంటుందో నీకంటే ఎవరికి తెలుసు?"

అది వేళాకోళమో కాదో తెలియక టికెట్లాయన ఆయన ముఖంలోకి చూశాడు. వేళాకోళం కాదు.

"మేనేజరు నిన్నే ఉండమన్నాడుగా."

"ఉండే పని నాకు అయిపోయింది బావా. మా ఆవిడ ముప్ఫై నాలుగేళ్ళుగా రాణి ముఖం ఎలా ఉంటుందని అడుగుతోంది. ఇవాళ్టిది చెబుతాను. రేపు ఆమే చూస్తుంది." మెట్ల దగ్గర ఆగి భుజం ఇచ్చాడు. "పట్టుకో."

"ఆ కర్ర ఇవ్వు, దానిమీద ఎక్కుతా."

"అది ఇక్కడిది. ఇక్కడే ఉండాలి."

ఇద్దరూ దూలం దగ్గర ఒకేసారి వంగారు. పన్నెండు మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఈసారి కిందాయన ఎడమవైపున ఉన్నాడు, విరిగిన కాలివైపు. బల్బు ఆర్పడం మరిచిపోయాడు.

ఐదుంపావుకు రాణి వేషం తీసేసి, సొంత చెప్పులు వేసుకుని, ఖాళీ స్టేజీమీదికి వచ్చింది కొత్తమ్మాయి. తలుపు రెక్కలు మళ్ళీ మూసి ఉన్నాయి. వాటి పక్కన నిలబడి, వంగి, థ్యాంక్స్ చెప్పబోయి, మాట అక్కడిదాకా వెళ్ళదని గుర్తొచ్చి మడమతో రెండుసార్లు తట్టింది.

కాసేపు ఆగింది. జవాబు రాలేదు. ఆమె తలుపుమీద కాలు పెట్టకుండా, చుట్టూ తిరిగి, మునివేళ్ళమీద నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

కింద, వెలుగుతున్న బల్బు పక్కన, ముప్ఫై నాలుగేళ్ళ పోట్లకు కొస నలిగి పువ్వులా విచ్చుకున్న కర్ర, గోడకు ఆనుకుని పైకి చూస్తోంది.